ప్రవాసమందు ఓరోమో జాతీయత: భాషయు, ఐక్యతయు

ఇథియోపియా దేశమునందలి జాతులలో ఓరోమోలు అత్యధిక సంఖ్యాకులు. ఉత్తర కెన్యాయందును వీరు కలరు. ఇస్లాము, క్రైస్తవము, ప్రాచీనమైన వాకేఫన్నా అను మూడు మతములు వీరిలో వ్యాపించి యున్నవి. కావున మతము వీరికి ఐక్యసూత్రము కాజాలదు. కుషిటిక్ శాఖకు చెందిన భాషయు, ఎనిమిదేండ్ల కొకమారు అధికారమును చేతులు మార్చు 'గదా' వ్యవస్థయు వీరి ఉమ్మడి వారసత్వము. ఈ గదాను యునెస్కో 2016లో అమూర్త సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినది.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున మెనెలిక్ సైన్యములు ఓరోమో భూములను జయించినవి. 1887లో చెలెంకో యుద్ధముతో హరార్ నగరము ఆయన వశమయ్యెను. ఆ కాలముననే బానిస వ్యాపారము ఓరోమో బాలబాలికలను ఎర్రసముద్రము దాటించుచుండెను. 1888లో ఆస్ప్రే అను బ్రిటిషు యుద్ధనౌక అట్టి పడవలను పట్టుకొని, బందీలను ఏడెను రేవునకు చేర్చినది. వారిలో 64 మంది పిల్లలు 1890లో దక్షిణాఫ్రికా లోని లవ్‌డేల్ విద్యాలయమునకు పంపబడిరి. వారిలో ఒకతెయైన బిషో జర్సా దౌహిత్రుడే, రాబెన్ ద్వీపమున కారాగారవాసము చేసిన విద్వాంసుడు నెవిల్ అలెగ్జాండర్.

ఇట్టి దుర్గతినుండియే ఓరోమో వాఙ్మయము వెలువడినది. బాల్యమున బానిసగా అమ్ముడుపోయిన ఒనేసిమోస్ నెసీబ్ 1870లో మస్సావా రేవున విముక్తుడై, స్వీడిషు మిషను వారియొద్ద విద్య గడించెను. తనవలెనే దాస్యవిముక్తురాలైన ఆస్తర్ గన్నో తోడ్పాటుతో 1894లో ఓరోమో వాచకమును, 1899లో బైబిలు అనువాదమును ప్రకటించెను. స్వదేశమున అచ్చునకు నోచుకొనని భాష పరదేశమున గ్రంథస్థమయ్యెను.

హైలే సెలాసీ పాలనలో పాఠశాలలందును, న్యాయస్థానములందును అమ్హారికుకే స్థానముండెను. ప్రాంతభేదములను దాటి ఓరోమోలను కూడగట్టుటకు 1963లో ఏర్పడిన మెచ్చా-తులమా స్వయంసహాయ సంఘము 1967లో నిషేధింపబడెను. 1974 విప్లవానంతరము సైనిక నిర్బంధమునకు వెరచి అనేకులు సూడాను, సోమాలియాలకును, అటుపై ఐరోపా, ఉత్తర అమెరికాలకును వలసపోయిరి. అచటి విద్యార్థి సంఘములు లాటిను లిపిలో వ్రాతను పెంపొందించినవి. 1991లో 'కుబే' అను పేర అదియే స్వదేశమున అంగీకృతమయ్యెను. ప్రవాసులు పెంచిన లిపి మాతృభూమికి చేరినది.

నేడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము ప్రవాస ఓరోమోలకు ముఖ్యస్థానము. ఇరేచ్చా పండుగనాడు ముస్లిములు, క్రైస్తవులు, వాకేఫన్నా అనుయాయులు ఒక్కచోట గూడుదురు. 2016 రియో ఒలింపిక్సులో ఫెయీసా లిలేసా గమ్యముకడ చేతులు అడ్డముగ నెత్తి నిరసన తెలిపినపుడు దేశదేశములందలి ఓరోమోలు ఏకకంఠమైరి. కాని 2018లో ఓరోమో వంశీయుడైన అబియ్ అహ్మద్ ప్రధాని యైన పిమ్మట, ఆయన పాలనను గూర్చి ప్రవాసులలోనే అభిప్రాయభేదములు ప్రబలినవి. ఉమ్మడి శత్రువుపై నిలిచిన ఐక్యత పరిస్థితులు మారగనే సడలుట సహజము. భాషపై నిలిచిన ఐక్యత యట్టిది కాదు. అయినను దానిని తరువాతి తరమువారికి పూనికతో నేర్పవలసియున్నది. పరదేశమున పుట్టిన పిల్లల నోట ఆ పలుకు నిలుచునంతవరకే ఆ జాతీయతయు నిలుచును.