పిల్లను అడగకుండా మారే లీగు: అమెరికా బాలికల ఫుట్‌బాల్ నుంచి హనుమాన్ జంక్షన్‌కు ఒక పాఠం

ఉపోద్ఘాతం

వేసవి వస్తే హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల మామిడి రైతుకు ఒకటే మీమాంస. కాయను తోట దగ్గరే బేరగాడికి ఇవ్వాలా, బండికెత్తి నున్న మార్కెట్‌కు తోలాలా? ఉత్తరాది వ్యాపారులు నున్నకు వస్తారు కాబట్టి మంచి కాయ అటు పోతుంది. మంచి కాయ అటు పోతుంది కాబట్టి వ్యాపారులు అక్కడికే వస్తారు. అమెరికాలో బాలికల ఫుట్‌బాల్ లీగుల పోటీ కూడా ఇదే చక్రం మీద నడుస్తోంది. తేడా ఒక్కటే: కాయకు ఇష్టాయిష్టాలు లేవు, ఆడే పిల్లకు ఉన్నాయి.

కృష్ణా జిల్లా నుంచి వెళ్లి డల్లాస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనోల్లో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల పిల్లలు పెరుగుతున్నది ఈ లీగుల నీడలోనే. క్రీడాకారిణి క్లబ్బు మారడం వేరు, క్లబ్బు లీగు మారడం వేరు. మొదటిది ఆమె నిర్ణయం, రెండోది ఆమె మీద పడే నిర్ణయం. లీగుల పోటీ మేలు చేసిందో లేదో తేల్చడానికి ఈ తేడానే కొలబద్ద కావాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

పదకొండేళ్లలో మూడు జెండాలు

2009లో 40 క్లబ్బులతో ఎలీట్ క్లబ్స్ నేషనల్ లీగ్ (ఈసీఎన్ఎల్) మొదలైంది. అది బాలికల కోసమే పుట్టిన లీగు, బాలుర విభాగం 2017లో గాని చేరలేదు. సరిగ్గా అదే ఏడాది, బాలురకు 2007 నుంచి నడుపుతున్న డెవలప్‌మెంట్ అకాడమీని అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య బాలికలకూ తెరిచింది. దాదాపు 70 క్లబ్బులు చేరాయి. వాటిలో పలు క్లబ్బులు ఈసీఎన్ఎల్ నుంచి వచ్చినవే.

ఏడాదిలో పది నెలలు ఒకే పద్ధతిలో శిక్షణ ఇస్తే జాతీయ జట్టుకు మెరికలు తయారవుతారని సమాఖ్య ఆలోచన. దానికో షరతు ఉంది: అకాడమీలో ఆడే పిల్ల తన హైస్కూలు జట్టుకు ఆడకూడదు. ఈసీఎన్ఎల్ హైస్కూలు సీజనుకు చోటు వదిలింది. తరగతి స్నేహితుల మధ్య, సొంత ఊరివాళ్ల ముందు ఆడాలన్న కోరికను కాదనడం తేలిక కాలేదు. కొన్ని క్లబ్బులు త్వరలోనే పాత లీగుకు తిరిగి వెళ్లాయి. చివరకు కోవిడ్ తెచ్చిన ఆర్థిక ఒత్తిడిని కారణంగా చూపి 2020 ఏప్రిల్ 15న సమాఖ్య అకాడమీని మూసేసింది. కొన్ని క్లబ్బులు ఈసీఎన్ఎల్‌లో చేరగా, మరికొన్ని కలిసి గర్ల్స్ అకాడమీ అనే కొత్త లీగు కట్టాయి. 2017లో పదమూడేళ్ల పిల్ల, క్లబ్బు మారకుండానే, పదహారేళ్లు వచ్చేసరికి మూడు లీగుల బ్యాడ్జీలు మార్చుకునే పరిస్థితి వచ్చింది.

పోటీ దేనికోసం?

ఈ లీగులు పైకి కప్పుల కోసం పోటీపడుతున్నట్టు కనిపిస్తాయి. లోపల పోటీ కాలేజీ కోచ్‌ల చూపు కోసం. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల విశ్వవిద్యాలయాలు మహిళా క్రీడలకు సమాన అవకాశం ఇవ్వాల్సి వచ్చింది, ఫుట్‌బాల్ దానివల్ల బాగా విస్తరించింది. అగ్రశ్రేణి విశ్వవిద్యాలయ జట్టుకు చాలాకాలం 14 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. వాటినే ఇరవై మందికి పైగా పంచేవారు. 2025-26 నుంచి, కొత్త నియమాలకు ఒప్పుకున్న విశ్వవిద్యాలయాల్లో ఆ పరిమితిని తీసేసి, జట్టులో 28 మందికి మించకూడదన్నారు. పదో తరగతి పూర్తయిన జూన్ 15 నుంచే కోచ్‌లు పిల్లతో నేరుగా నియామకం గురించి మాట్లాడవచ్చు.

కాలేజీ కోచ్‌లు చూడ్డానికే పెట్టే షోకేస్ టోర్నమెంటులో, గీత పక్కన మడత కుర్చీలు వేసుకుని వాళ్లు కూర్చుంటారు. ఒళ్లో జట్ల పుస్తకం: చొక్కా నంబరు, ఆడే స్థానం, చదువు ముగించే సంవత్సరం, మార్కులు. సగం ఆట చూసి పక్క మైదానానికి లేచిపోతారు. కోచ్‌కు ఉన్న రోజులు తక్కువ, కాబట్టి మంచి జట్లు ఎక్కువ ఉన్న చోటికే వస్తాడు. క్లబ్బులూ అక్కడికే చేరతాయి. నున్న లెక్క ఇక్కడ అచ్చంగా సరిపోతుంది.

ఈ పోటీలో మేలు లేకపోలేదు. గర్ల్స్ అకాడమీ రాకపోతే ఈసీఎన్ఎల్‌లో చోటు దొరకని క్లబ్బుల పిల్లలకు ఆ స్థాయి జాతీయ వేదిక దొరకడం కష్టమయ్యేది. అయితే ఈ లీగుల్లో ప్రవేశం క్లబ్బుకు ఇచ్చే సభ్యత్వం, మైదానంలో గెలుచుకున్న స్థానం కాదు. అందుకే క్లబ్బు లీగు మారినప్పుడు కుటుంబానికి మిగిలేవి రెండే దారులు: వెంట వెళ్లడం, లేదా మళ్లీ సెలక్షన్లకు వీపున నంబరు అంటించుకుని నిలబడటం. ప్రయాణాల ఖర్చు ఎలాగూ ఇంటిమీదే పడుతుంది.

మన వైపు చిత్రం

తెలుగు నేలలో ఇబ్బంది లీగులు ఎక్కువై కాదు, ఆటలు తక్కువై. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ సౌమ్య గుగులోత్ గోకులం కేరళకు ఆడింది, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది, 2024-25లో ఈస్ట్ బెంగాల్‌తో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ ఏడాది జాతీయ ఉత్తమ క్రీడాకారిణి ఆమే. ఆమె క్లబ్బులు మారింది, ప్రతి మార్పూ ఒక మెట్టు అయింది. అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ క్రీడాగ్రామం ఆడపిల్లలకు మైదానమూ శిక్షణా ఇస్తోంది. కానీ హనుమాన్ జంక్షన్‌కు అనంతపురం చాలా దూరం.

మన బడి పిల్లలకు తెలిసిన దారి సుబ్రతో కప్. అందులో బడి జట్టే గెలుస్తూ పైకి వెళ్తుంది. స్థానం ఎవరో ఇచ్చేది కాదు, ఆడి సంపాదించుకునేది. ఆ గుణం అమెరికా లీగుల్లో లేదు. లోపం నాకౌట్‌లో ఉంది: మొదటి రౌండులో ఓడిన బడికి ఆ ఏటి ఫుట్‌బాల్ ఒక్క మధ్యాహ్నంతో ముగుస్తుంది. గంట సేపటి ఆటకు ఏడాది ఎదురుచూసే పిల్ల ఎంతకాలం ఎదురుచూస్తుంది?

ముగింపు

జంక్షన్‌కు నూజివీడు, గన్నవరం, గుడివాడ గంట ప్రయాణంలోపే. ఈ నాలుగు చోట్ల నుంచి ఆరు బడుల బాలికల జట్లు రెండేసి సార్లు తలపడితే మొత్తం 30 ఆటలు, ఒక్కో జట్టుకు 10. దసరా నుంచి సంక్రాంతి దాకా శనివారాలు సరిపోతాయి. ఆ లీగుకు మొదటి రోజే రెండు నియమాలు రాసుకోవాలి: పై అంచెకు వెళ్లేది పాయింట్లతోనే, పిల్లా ఇంటివాళ్లూ ఒప్పుకోకుండా సీజను మధ్యలో ఏ జట్టూ లీగు మారకూడదు.

అమెరికా అనుభవం నుంచి మనం తెచ్చుకోవాల్సింది షోకేస్ కాదు, బ్యాడ్జీ కాదు. జంక్షన్ బడి పిల్ల సాయంత్రం నూజివీడులో ఆడి, చీకటి పడేలోపు జంక్షన్‌లో బస్సు దిగాలి, వచ్చే శనివారం మళ్లీ ఆట ఉందని తెలిసి నిద్రపోవాలి. లీగు ఎవరిదైనా, దాని విలువ అక్కడే తేలుతుంది.