అదనపు డోసు: డయాలసిస్ వార్డు ముందే చెప్పిన లెక్క

రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఒక డోసు ఎక్కువ వెయ్యాలన్న ఆలోచన కోవిడ్‌తో పుట్టింది కాదు. డయాలసిస్ వార్డుల్లో హెపటైటిస్-బి ఒకరి నుంచి ఒకరికి పాకడం 1970ల నాటికే వైద్యులను హడలెత్తించింది. 1980లలో టీకా వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై మందికి పైగా సరిపోయే మూడు డోసులు కిడ్నీలు చెడినవారిలో చాలామందికి పట్టడం లేదు. అందుకే వారికి 20 మైక్రోగ్రాముల చోట 40, మూడుసార్ల చోట నాలుగుసార్లు వేయడం మొదలైంది. మొదటి రోజున, నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు సూది. ఆపైన ఏటా రక్తపరీక్ష, యాంటీబాడీలు తగ్గితే మళ్లీ సూది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చి ధర దించాక ఇంత మందు కొనడం మనవాళ్లకూ తేలికైంది. ఆ నాలుగో డోసు బూస్టర్ కాదు, వాళ్ల మొదటి కోర్సే అంత. కోవిడ్ మూడో డోసు విషయంలోనూ నా వాదనంతా ఈ తేడా మీదే.

కోవిడ్ టీకాకు ముందస్తు డ్రై రన్ జరిగిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2020 డిసెంబరు 28న కృష్ణా జిల్లాలో మొదలైంది. 2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో అసలు టీకా. మార్చి 1 నుంచి 45-59 ఏళ్లవారికి పెట్టిన జబ్బుల జాబితాలో డయాలసిస్, కిడ్నీ మార్పిడి, హెచ్‌ఐవీ అన్నీ ఉన్నాయి. అంటే వీళ్లెవరో సర్కారుకు తెలుసు. ఆ జూన్‌లో ఫ్రాన్స్‌లోని తులూజ్ వైద్యులు 101 మంది అవయవ మార్పిడి రోగుల ఫలితాలు చెప్పారు. రెండు డోసులకు 40 శాతం మందిలో, మూడో దానికి 68 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. ఆగస్టులో అమెరికా, అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఇలాంటివారికి మూడో డోసు వేయడానికి సరేనన్నారు. మనదగ్గర 2022 జనవరి 10న ప్రికాషన్ డోసు పేరుతో మొదలైన మూడోది మాత్రం వైద్యసిబ్బందికి, ఫ్రంట్‌లైన్ ఉద్యోగులకు, జబ్బులున్న అరవై దాటినవారికే, అదీ తొమ్మిది నెలల ఎడంతో. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఏ.కొండూరు తండాల్లో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ మిషన్ ఎక్కే నలభై ఏళ్ల కిడ్నీ రోగికి అందులో చోటే దొరకలేదు.

అప్పటికి ఎంతోమందికి రెండో డోసే అందనప్పుడు మూడోది ఎలా ఇస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ రెండు డోసులూ పట్టనివాడు కాగితం మీదే టీకా వేయించుకున్నవాడు. పైగా ఇలాంటివారి సంఖ్య జనాభాలో చాలా స్వల్పం. జబ్బు సర్టిఫికెట్లు తేల్చడం కష్టమంటారా, 2021 మార్చిలో డాక్టరు సంతకంతో ఆ పని జరిగింది. మూడోదీ అందరికీ పట్టదు కదా అంటే, నిజమే. మూడో వంతు మందికి రక్షణ ఇంట్లోవాళ్ల టీకాలోనే ఉంటుంది. ఆ ఇంట్లో అరవై దాటని పెద్దలకు 2022 ఏప్రిల్ 10 నుంచి ప్రైవేటు కేంద్రాల్లో డబ్బుకు దొరికిన డోసు, ఉచితంగా దొరికింది జూలై 15 నుంచి, అదీ 75 రోజులే.