పరక్కుం రైలు చెప్పే పాత కథ

ఆదివారం మన సంఘంలో పెద్ద వాదమే జరిగింది. మెట్రో ముందు పరందూరు దాకా పోవాలని పూందమల్లి వాళ్లు, కాదు కిలాంబాక్కం దాకా అని తాంబరం వాళ్లు.

1931లోనే బీచ్–తాంబరం కరెంటు రైలు చూసిన ఊరు మనది. అలాంటిది, పరక్కుం రైలు చేపాక్కానికి 1995లో వచ్చింది, మైలాపూరుకు 1997లో. వేళచ్చేరి చేరేసరికి 2007! మొత్తం ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. అక్కడినుంచి పరంగిమలైకి ఐదే కిలోమీటర్లు. ఆదంబాక్కంలో భూమి తగాదాతో ఆ ముక్క ఏళ్లకేళ్లు ఆగింది. రైల్వే గుమాస్తాలం, ఫైలు ఎలా నిద్రపోతుందో మాకు తెలియదా?

మా ఓటు కిలాంబాక్కానికే. బస్‌స్టాండు 2023లోనే తెరిచేశారు. మూటాముల్లెలతో దిగే జనం ఇప్పటికే అక్కడున్నారు.