మాట వెనుక కథ: కేబుల్

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకు తెలుగువాళ్లు తరలివెళ్లి స్థిరపడిన ఊళ్లలో బిలాస్‌పూర్ ఒకటి. రైలు ఊళ్లో తీగ పని అందరికీ తెలుసు. కేబిన్‌లో లీవరు లాగితే, కప్పీల మీదుగా సాగిన తీగ దూరాన సిగ్నల్ రెక్కను కదిల్చేది. ఆ తీగనే గొట్టంలో దూర్చి, వంపులు తిరిగేలా చేస్తే స్కూటర్ క్లచ్ కేబుల్. ఈ తరహా కేబుల్‌కు బౌడెన్ అనే ఆవిష్కర్త పొందిన పేటెంటు 1896 నాటిది.

మోటారు పడవలోనూ ఇదే సూత్రం. స్టెర్న్‌డ్రైవ్ అనే ఏర్పాటులో ఇంజను పడవ లోపల, ప్రొపెల్లర్ ఉండే కాలు బయట. ముందుకా, వెనక్కా అన్నది గేరు కేబుల్ చెబుతుంది. నీరు చేరి లోపలి తీగ తుప్పు పట్టిందా, గేరు పడదు, పడితే ఊడదు. అప్పుడు చాలావరకు బయటి కాలు విప్పి కేబుల్ మార్చాల్సిందే.

మరి ఆ మాట ఎక్కడిది? ఇంగ్లీషు 'కేబుల్'కు మూలం లాటిన్ 'కాపులుం', పశువును పట్టే తాడు. దాని ధాతువుకు 'పట్టుకొను' అని అర్థం. మన 'పగ్గం' సంస్కృత 'ప్రగ్రహం' నుంచి వచ్చింది. అందులోని 'గ్రహ్' ధాతువుకూ అర్థం పట్టుకోవడమే! అధికార పగ్గాలు చేపట్టారని పత్రికలు రాసేదీ ఈ మాటతోనే.

ఇక కేబుల్ బిగుసుకుంటే బలం పెట్టి లాగకండి; మార్చేయండి.