అనారోగ్యం - విమాన ప్రయాణం

జబ్బుగా ఉన్న వ్యక్తి విమానం ఎక్కవచ్చునా, ప్రయాణం వాయిదా వేసుకోవాలా అన్నది నిర్ణయించుకోవడానికి రెండు విషయాలను విడివిడిగా పరిశీలించాలి. మొదటిది, విమానంలోని వాతావరణం రోగి శరీరంపై చూపే ప్రభావం. రెండవది, రోగి వలన తోటి ప్రయాణికులకు వ్యాధి సోకే అవకాశం. టిక్కెట్టు కొన్న తరువాత ఈ రెండవదానిని తలచేవారు అరుదు.

విమానంలోని వాతావరణం

జెట్ విమానాలు సుమారు 30,000 నుండి 40,000 అడుగుల ఎత్తున ఎగురుతాయి. లోపల గాలిని ఒత్తిడితో నింపినప్పటికీ దాని పీడనం నేలమీద ఉన్నంత ఉండదు. 6,000 నుండి 8,000 అడుగుల కొండపై ఉన్నంత మాత్రమే ఉంటుంది. ఊటీ పట్టణం ఎత్తు సుమారు 7,300 అడుగులు. ఆరోగ్యవంతులకు ఈ తేడా తెలియదు. ఊపిరితిత్తుల వ్యాధి, గుండె బలహీనత, తీవ్రమైన రక్తహీనత గలవారికి మాత్రం ఆయాసం రావచ్చు. ఆగకుండా 50 మీటర్లు నడిచినప్పుడు ఆయాసపడేవారు తప్పక వైద్యుని సంప్రదించాలి.

పీడనం తగ్గితే వాయువు వ్యాకోచిస్తుందని బాయిల్ నియమం చెబుతుంది. పాఠశాలలో చదివి మరచిపోయే ఈ సూత్రం ఇక్కడ ప్రత్యక్షంగా పనిచేస్తుంది. విమానం పైకి వెళ్ళినప్పుడు శరీరంలో చిక్కుకొన్న గాలి పరిమాణం సుమారు 30 శాతం పెరుగుతుంది. అందువలన ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారు ప్రయాణించరాదు. కంటి శస్త్రచికిత్సలో వాయువు బుడగ ఉంచినవారు అది పూర్తిగా కరిగేవరకు ఎక్కితే చూపు పోయే ప్రమాదం ఉంది. కొత్తగా పిండికట్టు వేయించుకొన్నవారిని సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆగమంటారు.

జలుబు చిన్న జబ్బే అయినా మధ్యకర్ణాన్ని గొంతుతో కలిపే సన్నని నాళం అందులో మూసుకుపోతుంది. విమానం దిగుతున్నప్పుడు చెవిపోటు వస్తుంది, ఒక్కొక్కసారి కర్ణభేరి చిరుగుతుంది. దిగే సమయంలో పసిపిల్లలకు పాలు పట్టడం ఇందుకే.

అంటువ్యాధులు

ఎగురుతున్న విమానంలో గాలి మేలైన వడపోతల గుండా సాగుతూ తరచు మారుతుంది. ఆ యంత్రం ఆగితే పరిస్థితి వేరు. 1977లో అలాస్కాలో 54 మందితో ఉన్న ఒక విమానం ఇంజను చెడి సుమారు మూడు గంటలు నేలపై నిలిచిపోయింది. అందులోని ఒక ఇన్‌ఫ్లుయెంజా రోగి తరువాత, మూడు రోజులలో ప్రయాణికులలో 72 శాతం మంది జబ్బుపడ్డారు. 2003 మార్చి 15న హాంగ్‌కాంగ్ నుండి బీజింగ్ వెళ్ళిన విమానంలో ఒక సార్స్ రోగి ఉండగా, తరువాత 22 మందికి ఆ వ్యాధి వచ్చింది. వారిలో కొందరు అతనికి చాలా వరుసల దూరంలో కూర్చున్నవారు.

ఆటలమ్మ పొక్కులన్నీ పక్కు కట్టేవరకు, చికిత్స మొదలుకాని క్షయ ఉన్నప్పుడు, జ్వరంతో కూడిన దగ్గు ఉన్నప్పుడు ప్రయాణం మానుకోవాలి.

అనుమతి, జాగ్రత్తలు

ఇటీవల ఆసుపత్రిలో ఉన్నవారి నుండి విమాన సంస్థలు "మెడిఫ్" అనే వైద్య పత్రాన్ని కోరుతాయి. చిక్కులు లేని గుండెపోటు తరువాత సాధారణంగా 7 నుండి 10 రోజులు ఆగాలి. గర్భిణులను అనేక సంస్థలు 36 వారాల తరువాత, కవలలైతే 32 వారాల తరువాత అనుమతించవు.

హైదరాబాదు నుండి అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్ళే వృద్ధుల ప్రయాణం తరచు 20 గంటలు దాటుతుంది. అంతసేపు కదలక కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టవచ్చు కనుక మధ్యమధ్య నడవాలి. మందులు, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉంచుకోవాలి. సామానుతో పంపితే ఇన్సులిన్ గడ్డకట్టి పాడవవచ్చు. పిల్లలు కంగారుపడతారనో, టిక్కెట్టు డబ్బు పోతుందనో జబ్బు దాచేవారు ఉన్నారు. వైద్యుడు వద్దన్నా ప్రయాణించినవారికి చాలా ప్రయాణ బీమా పాలసీలు ఖర్చు చెల్లించవు.