డాగ్, హౌండ్ శబ్దముల చరిత్రము

ఆంగ్లమున నేఁడు శునకసామాన్యమును దెలుపు ‘డాగ్’ పదముయొక్క పుట్టుక నిర్ణయింపఁబడలేదు. ప్రాచీనాంగ్లమున నది మిక్కిలి యరుదు. ఆకాలపు సామాన్యవాచకము ‘హుండ్’. ఇది సంస్కృత ‘శ్వన్’, లాటిన్ ‘కానిస్’ శబ్దములకు సగోత్రము. 16వ శతాబ్ది నాఁటికి డాగ్ పదము సామాన్యార్థమును గైకొనఁగా, కులీనమైన హుండ్ ‘హౌండ్’ రూపమున వేఁటకుక్కకుఁ బరిమితమయ్యెను.

జాతీయములందును జరిత్రమే ప్రమాణము. తీవ్రగ్రీష్మమును ‘డాగ్ డేస్’, అనఁగాఁ గుక్కదినములు, అందురు. ఎండకుఁ గుక్కలు వెఱ్ఱియెత్తుటచే నీపేరు గలిగెనని కొందఱి యూహ. అది పొసఁగదు. మనవారు లుబ్ధకుఁడన్న నక్షత్రమును రోమనులు ‘కానికుల’, అనఁగాఁ జిన్నకుక్క, యనిరి. అది వేకువనే తొలుతఁ దోఁచు దినములకు వారిడిన పేరున కిది యనువాదము.

ఉత్తమవంశజమైన పదము సంకోచించెను, వంశమెఱుఁగనిది వ్యాపించెను. యోగమునకంటె రూఢి బలవత్తరమను మన శాస్త్రమర్యాద యాంగ్లమునందును జెల్లుచున్నది. ప్రయోగమును విడిచి యూహించిన వ్యుత్పత్తిని నిఘంటుకర్తలు గ్రహింపరాదు.