తంగవయల్ గనుల్లో మనిషి ప్రాణానికి లెక్క ఎప్పుడు మొదలయింది?



కోలారు బంగారు గనుల గురించి రాయమని హోసూరు, వేలూరు వైపు సభ్యులు చాలా రోజులుగా అడుగుతున్నారు. తమిళంలో ఆ ఊరిని తంగవయల్ అంటారు, అంటే బంగారు పొలం. మన సంఘంలో ఏ నలుగురు కూర్చున్నా ఒకరి ఇంట్లో అయినా తాతో, పెదనాన్నో, మేనమామో "గనుల్లో పనిచేశాడు" అనే మాట వస్తుంది. గని లోతు గురించీ, దొరల బంగళాల గురించీ ఇప్పటికే చాలామంది రాశారు. సినిమా కూడా వచ్చింది. నేను ఒక్క విషయమే తీసుకుంటాను. అంత పెద్ద కంపెనీలో పనివాడి ప్రాణానికి, ఆరోగ్యానికి రక్షణ ఎలా వచ్చింది? ఎవరి వల్ల వచ్చింది? ఎందుకంత ఆలస్యమయింది?

నేను చదివింది తమిళ మీడియం, ఉద్యోగం రైల్వేలో గుమాస్తా పని. అందుకని నా బుద్ధి ముందు రిజిస్టర్ల మీదికే పోతుంది. ఈ కథ కూడా రిజిస్టర్ల కథే.

1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారులో అడుగు పెట్టింది. తర్వాత మైసూరు గని, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం, బాలాఘాట్ అని వరసగా గనులు లేచాయి. 1894లో బౌరింగ్‌పేట (ఇప్పటి బంగారుపేట) నుంచి మారికుప్పానికి రైలు మార్గం వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగ లాగి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలగకముందే గనిలో కరెంటుతో పని మొదలయింది. ఉత్తర ఆర్కాడు, చిత్తూరు, సేలం వైపుల నుంచి తమిళులు, తెలుగువాళ్ళు వేలల్లో వచ్చి లైన్ల ఇళ్ళలో కాపురాలు పెట్టారు. కార్న్‌వాల్ నుంచి, ఇటలీ నుంచి కూడా గని పనివాళ్ళు వచ్చారు. యంత్రాలన్నీ అప్పటికి లోకంలో దొరికే మేలురకానివి. పనివాడి రక్షణ మాత్రం అంత తొందరగా రాలేదు.

1897లో కోలారు గనుల్లో జరిగిన ఒక ప్రమాదంలో 52 మంది చనిపోయారు. ఆ కాలంలోనే బలూచిస్తాన్‌లో ఖోస్ట్ బొగ్గు గనిలో 47 మంది పోయారు. అంతకుముందు 1894లో కలకత్తాలో గనుల ఇన్‌స్పెక్టరు ఒకరిని నియమించారు కానీ చట్టం పని నత్తనడక నడుస్తూ ఉండేది. ఈ రెండు దుర్ఘటనల తర్వాతే కదలిక వచ్చి 1901లో మొదటి మైన్స్ యాక్ట్ అయింది. 1902 జనవరి 7న తనిఖీ కార్యాలయం పెట్టారు. అది 1908లో ధన్‌బాదుకు మారింది. ఇప్పుడు గని భద్రత చూసే డైరెక్టరేట్ అదే.

దీన్ని మనవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. దేశం మొత్తానికి గని భద్రత చట్టం రావడానికి కారణమైన చావుల్లో సగానికి పైగా కోలారు చావులు. అయినా ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకే. కోలారు మైసూరు సంస్థానంలో ఉంది, అక్కడి నిబంధనలు వేరు. చనిపోయింది ఇక్కడివాళ్ళు, చట్టం పుట్టింది వేరేచోట.

ఇక కంపెనీ లెక్కల సంగతి. బంగారం లెక్క గింజ ఎత్తు కూడా తప్పిపోయేది కాదు. షిఫ్టు దిగి పైకి వచ్చే పనివాణ్ణి సోదా చేసి పంపేవారు. 1930 ఏప్రిల్‌లో పనివాళ్ళందరి వేలిముద్రలు తీసి రిజిస్టరులో పెట్టాలని కంపెనీ చూసింది. వేలమంది కార్మికులు పని మానేశారు. వారాల పాటు గనులు ఆగిపోయాయి. చదువురానివాళ్ళు భయపడ్డారని కొందరు తేలికగా చెబుతారు. అది సరికాదు. ఆ రిజిస్టరు తమను పట్టుకోవడానికే గాని కాపాడడానికి కాదని వాళ్ళకు బాగా తెలుసు. ఒకచోట పని పోతే ఆ వేలిముద్ర చూసి ఇంకో గనిలో కూడా పని ఇవ్వరని వాళ్ళ భయం.

అదే కాలంలో అదే పనివాడి ఊపిరితిత్తులకు ఒక రిజిస్టరు ఉండి ఉంటే? ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు రాతి గురించి చెప్పాలి.

లోతుకు పోయేకొద్దీ పైనున్న కొండ బరువంతా గోడల మీద పడుతుంది. బంగారు రాయి తవ్వేశాక మిగిలిన ఖాళీ చుట్టూ ఆ ఒత్తిడి పోగవుతుంది. ఒక్కసారి రాయి బాంబులా పగులుతుంది. కోలారులో దీన్ని ఎయిర్ బ్లాస్ట్ అనేవారు, ఇంజనీర్లు రాక్‌బరస్ట్ అంటారు. 1898 నుంచే దీని లెక్కలు ఉన్నాయి. పైన లైన్లలో గోడలు అదిరి గిన్నెలు కిందపడితే, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవారని పెద్దలు చెబుతారు.

దీనికి మందు ఒక్కరోజులో దొరకలేదు. మొదట కొయ్య దూలాలు నిలబెట్టారు. కొయ్య నలిగిపోతుంది, కుళ్ళుతుంది, అంటుకుంటుంది. తర్వాత గ్రానైటు రాళ్ళతో గోడలు కట్టి ఖాళీని నింపారు. ఆ తర్వాత కాంక్రీటు వచ్చింది. తవ్వే వరసను కూడా మార్చారు. మధ్యలో ఒంటరి రాతి స్తంభాలు వదిలితే ఒత్తిడి అంతా వాటి మీదికి చేరుతుంది కాబట్టి, అవి మిగలకుండా తవ్వడం నేర్చుకున్నారు. ఎక్కడ పగిలింది, ఎంత లోతులో, పక్కన ఏ రాయి ఉంది అని ఏళ్ళ తరబడి రాసిపెట్టిన లెక్కల నుంచే ఇవన్నీ తెలిశాయి. 1950లలో దీనికోసమే ఒక ప్రత్యేక కమిటీ కూర్చుంది. 1978లో భాభా అణు పరిశోధన కేంద్రం సాయంతో భూమి అదురును పసిగట్టే పరికరాలు పెట్టారు. 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ ఆ ఊళ్ళోనే పుట్టింది. ఈనాడు దేశంలో సొరంగాలకు, ఆనకట్టలకు ఆ సంస్థ సలహా ఇస్తుంది. ఆ జ్ఞానం వెనక కోలారు కూలీల ప్రాణాలు ఉన్నాయి.

వేడి సంగతి కూడా ఒక మాట. మూడు కిలోమీటర్లు దాటిన లోతులో రాతి వేడి 65 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మనిషి పనిచేయాలంటే చల్లగాలి పంపాలి. 1930లలోనే గాలిని చల్లబరిచే ప్లాంట్లు పెట్టారు. అది లేకపోతే అంత లోతులో బంగారం తీయలేరు కాబట్టి ఖర్చుకు వెనకాడలేదు. ఇది గమనించండి. ఏ రక్షణ లేకపోతే ఉత్పత్తి ఆగిపోతుందో ఆ రక్షణ ముందు వచ్చింది.

ఏ జబ్బు వల్ల ఆ రోజుకు ఉత్పత్తి ఆగదో దానికి మందు ఆఖరున వచ్చింది. అదే దుమ్ము.

బంగారం ఉండేది క్వార్ట్‌జ్ రాతిలో. ఎండు రాతికి డ్రిల్లు పెడితే లేచే దుమ్ములో కంటికి కనపడని రేణువులు ఉంటాయి. మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు. అవి ఊపిరితిత్తుల అడుగుకు పోయి మచ్చలు చేస్తాయి. ఆ మచ్చలు మానవు. దీన్ని సిలికోసిస్ అంటారు. దక్షిణ ఆఫ్రికా బంగారు గనుల్లో ఈ జబ్బుకు 1911, 1912లలోనే నష్టపరిహార చట్టాలు చేశారు. కొత్త రకం డ్రిల్లు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఓడలో తొందరగానే వస్తుంది. దాని దుమ్ము గురించిన తెలివి రావడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. మన దగ్గర 1930లలో వైద్యులు దీని గురించి రాయడం మొదలుపెట్టారు. 1940 నుంచి 1946 వరకు కోలారులో 7,653 మందిని పరీక్ష చేస్తే నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ తేలింది. అప్పుడు అక్కడ పనిచేసిన డాక్టరు ఆంథొనీ కాప్లన్ తర్వాత వేల్స్ దేశపు బొగ్గు గనులకు వెళ్ళాడు. 1953లో అక్కడ ఆయన గుర్తించిన ఇంకో జబ్బుకు వైద్య పుస్తకాల్లో ఆయన పేరే ఉంది.

నూటికి నలభై! అంతకుముందు యాభై ఏళ్ళు ఆ జబ్బు లేదా? ఉంది, కానీ రాసే రిజిస్టరు లేదు. దగ్గుతో బక్కచిక్కి ఊరికి వచ్చినవాణ్ణి క్షయ అన్నారు, సారా అన్నారు, ఇంటికి పట్టిన పీడ అన్నారు. సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ కూడా తొందరగా అంటుకుంటుంది కాబట్టి డాక్టర్లకే తికమక. చాలా ఇళ్ళలో ఆ పేరు పెట్టే పెళ్ళి సంబంధాలు తప్పిపోయాయి.

నా ఉద్యోగంలో ఇది బాగా తెలిసింది. వేలు తెగితే ఆ రోజే కాగితం వస్తుంది. తేదీ ఉంటుంది, సాక్షి ఉంటాడు. యంత్రాల చప్పుడుకు చెవుడు వస్తే ఏ తేదీ వేస్తారు? ఊపిరి తగ్గిపోతే ఏ రోజు తగ్గిందని రాస్తారు? గాయానికి తేదీ ఉంది, జబ్బుకు లేదు. అందుకే పెద్ద కంపెనీల్లో ప్రమాదాల లెక్క ముందు వస్తుంది, జబ్బుల లెక్క చాలా వెనక వస్తుంది.

జబ్బుకు లెక్క వచ్చాక చేయాల్సిన పని కష్టమైనది కాదు. డ్రిల్లు లోపలి నుంచే నీళ్ళు పోయించి దుమ్మును పుట్టినచోటే అణచడం. పగిలిన రాతిని తడపడం. మనుషులు బయటపడ్డాకే పేల్చడం, దుమ్ము అణిగాకే లోపలికి పంపడం. ధారాళంగా గాలి. కొన్నేళ్ళకు ఒకసారి ఎక్స్‌రే. మొదటి మచ్చ కనపడగానే దుమ్ములేని పనికి మార్చడం. ముక్కుకు గుడ్డ కట్టుకోమనడం వీటన్నిటి తర్వాత. పనివాడి జాగ్రత్త మీదే భారమంతా వేసే కంపెనీ తన పని ఇంకా మొదలుపెట్టలేదన్నమాట. 1952 మైన్స్ యాక్ట్ దేశమంతటికీ వచ్చింది. ఆ చట్టం కింద సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేసి తీరాల్సి ఉండేది. 1942లో మైసూరు లేబర్ యాక్ట్ వచ్చాక కార్మిక సంఘాలకు గుర్తింపు దొరికింది. అడిగే నోరు లేకపోతే చట్టం కాగితం మీదే ఉండిపోతుంది.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. 2001లో మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చి, సైనైడు దిబ్బలు మిగిల్చాయి. గని మూతపడినా జబ్బు మూతపడదు. పని మానేసిన పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు కూడా సిలికోసిస్ బయటపడవచ్చు.

ఇప్పుడు మన పిల్లలు హోసూరులో, శ్రీపెరుంబుదూరులో, ఆంబూరు తోలు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. సగం మంది కాంట్రాక్టు కింద. ఈ ఏడు ఒక ఫ్యాక్టరీ, వచ్చే ఏడు ఇంకొకటి. ఎవరి రిజిస్టరులోనూ వాళ్ళ పేరు నిలకడగా ఉండదు. గ్రానైటు పాలిష్, ఫౌండ్రీ, గాజు, సిరామిక్ పనుల్లో ఉన్నది అదే సిలికా దుమ్ము. 1923 నాటి నష్టపరిహార చట్టంలో పనివల్ల వచ్చే జబ్బుల జాబితా ఉండేది, ఊపిరితిత్తుల దుమ్ము జబ్బు అందులో ఉండేది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన ఫ్యాక్టరీల భద్రత కమిటీల్లో కార్మికులకు చోటిచ్చారు. కానీ పరిహారం అడగాలంటే ఫలానా చోట పనిచేశానని రుజువు కావాలి. అందుకని పిల్లలకు చెప్పండి. గేటు పాసు, జీతం చీటీ, ఇ.ఎస్.ఐ. కార్డు పారేయవద్దు. పనిలో చేరేముందు తీసిన ఎక్స్‌రే ఫిల్ము జాగ్రత్తగా దాచుకోవాలి. డాక్టరు దగ్గరికి పోతే దగ్గు సంగతి ఒక్కటే కాదు, ఏ పని ఎన్నేళ్ళు చేశారో కూడా ముందుగా చెప్పాలి.

సంఘానికి నాది ఒక విన్నపం. పెళ్ళిళ్ళకు, పండగ చందాలకు మన దగ్గర పుస్తకాలు ఉన్నాయి. ఇంకొక్క పుస్తకం పెడదాం. కోలారు గనుల్లో పనిచేసిన మన పెద్దల పేరు, ఊరు, ఏ గని, ఏ పని, ఎన్నేళ్ళు, చివర ఏ జబ్బు, ఈ ఆరు సంగతులు చాలు. తెలిసినంతే రాయండి, తెలుగులోనైనా తమిళంలోనైనా సరే. పొంగలి తర్వాత జరిగే మహాసభకు తెస్తే నేను కూర్చుని వరసగా ఎక్కిస్తాను. గుమాస్తాగా ముప్పై ఏళ్ళు పైవాళ్ళ లెక్కలు రాశాను. ఇది మనవాళ్ళ లెక్క.